తాళం వేయని ఊరు

స్టడీ అవర్లో గోడమీది ప్రపంచ పటం చూసేటప్పుడు మన చూపు భారతదేశం దగ్గర, మహా అయితే అమెరికా దగ్గర ఆగుతుంది. ఈసారి చూపును ఇంకాస్త పైకి పోనివ్వండి. నార్వే దేశపు కొస దాటి, సముద్రం దాటి, పటం పై అంచు దగ్గర కొన్ని ద్వీపాలు కనిపిస్తాయి. అవి స్వాల్‌బార్డ్ ద్వీపాలు. వాటిలో పెద్దదైన స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరాన నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 1,200 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానం వెళ్ళేంత దూరమన్న మాట. సాధారణ పౌరులు ఏడాది పొడుగునా ఉండే ఊళ్ళలో అంతకంటే ఉత్తరాన మరొకటి లేదు. ఆ ఊళ్ళో మన దేశానికీ ఒక ఇల్లుంది. పేరు హిమాద్రి.

మేమెవరమూ ఆ ఊరు చూడలేదు. అయినా దాని గురించి చదివినకొద్దీ అది మనకు కొత్త ఊరు కాదనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఎలా వెళ్తారు?

నార్వే రాజధాని ఓస్లో నుంచి స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌యియర్‌బియెన్ పట్నానికి దాదాపు మూడు గంటల విమాన ప్రయాణం. అక్కడి నుంచి చిన్న విమానం ఎక్కితే అరగంటలోపే నీ-ఓలెసుండ్. వేసవిలో ఓడలు కూడా వెళ్తాయి. స్వాల్‌బార్డ్‌లో అడుగు పెట్టడానికి ఏ దేశం వారికీ వీసా అక్కర్లేదు. కానీ దారి నార్వే మీదుగా కాబట్టి మన వాళ్ళకు ఆ వీసా తప్పదు. అది కూడా తిరుగు ప్రయాణానికి పనికివచ్చేలా రెండుసార్లు ప్రవేశించే వీసా తీసుకోవాలి.

ఊరు కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపు పాయ ఒడ్డున ఉంది. ఎదురుగా హిమానీనదాలు. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా సూర్యుడు అస్తమించడు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉదయించడు. జూలైలో కూడా సగటు ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలే. చలికాలంలో ఊరి జనాభా 30, 40 మందికి మించదు. ఎండాకాలంలో వందకు పైగా చేరతారు.

బొగ్గు గని నుంచి ప్రయోగశాలకు

ఈ ఊరు పుట్టింది చదువు కోసం కాదు, బొగ్గు కోసం. 1916లో కింగ్స్ బే అనే నార్వే కంపెనీ ఇక్కడ గనులు మొదలుపెట్టింది. 1926 మే 11న అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలే బృందం ‘నోర్గే’ అనే గాలినౌకలో ఇక్కడి నుంచే బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా చేరింది. ఆ గాలినౌకను కట్టిన ఇనుప స్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది.

చరిత్ర పుస్తకాలు అముండ్‌సెన్ పేరు చెబుతాయి. కానీ ఊరి కథను మలుపు తిప్పింది గని కార్మికులు. 1962 నవంబరు 5న గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. దాని మీద వచ్చిన విచారణ, చర్చ ఎంత దూరం వెళ్ళాయంటే 1963లో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గనులు మూతపడ్డాయి. ఖాళీ అయిన ఇళ్ళలోకి నెమ్మదిగా శాస్త్రవేత్తలు వచ్చారు. 1968లో నార్వే ధ్రువ సంస్థ పరిశోధన కేంద్రం పెట్టింది. తర్వాత జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, ఇటలీ, జపాన్, దక్షిణ కొరియా, చైనా మొదలైన దేశాలు వచ్చాయి. ఇవాళ అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ ఆ కూలీలు కట్టిన ఊళ్ళోనే తిరుగుతున్నారు. అందుకేనేమో, 1946కు ముందునాటి వస్తువు ఏదైనా, తుప్పు పట్టిన మేకైనా సరే, చట్టప్రకారం ముట్టుకోకూడదు.

ఊరి కట్టుబాట్లు

ఊరి కట్టుబాట్లన్నిటికీ కారణాలున్నాయి. మొదటిది, తలుపులకు తాళం వేయరాదు. ధ్రువపు ఎలుగుబంటి ఎప్పుడైనా ఊళ్ళోకి రావచ్చు. అప్పుడు ఎవరు ఏ ఇంటి దగ్గరుంటే ఆ ఇంట్లోకి దూరాలి. అది ఏ దేశం ఇల్లని చూడరు. ఊరి పొలిమేర దాటితే తుపాకి వెంట ఉండాలి. దానికి ముందుగా శిక్షణ ఇస్తారు.

రెండోది, వైఫై, బ్లూటూత్ ఆపెయ్యాలి. అక్కడున్న పెద్ద యాంటెన్నాలు కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను వింటాయి. వాటి సాయంతో భూభ్రమణాన్ని, భూమి పైపొర కదలికలను కొలుస్తారు. మన జేబులోని ఫోను ఆ వినికిడికి అడ్డం. అందుకని ఇంటర్నెట్ కావాలంటే తీగ తగిలించుకోవాలి.

మూడోది, అందరికీ ఒకే మెస్. ఏ దేశం వారైనా గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వరసలో నిలబడి, ఒకే గదిలో కూర్చుని తినాలి. పగటి పని గురించిన కబుర్లన్నీ అక్కడే. ప్రొఫెసర్ పక్కన వంటమనిషి, వంటమనిషి పక్కన పరిశోధక విద్యార్థి.

పువ్వు కోయకూడదు. ఆర్కిటిక్ టర్న్ పిట్టలు దారి పక్కన గూడు పెడితే మనమే పక్కకు తప్పుకోవాలి. లేకపోతే వచ్చి నెత్తిన పొడుస్తాయి! అవి అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయని అక్కడివాళ్ళు తలపైన కర్ర ఎత్తి పట్టుకుని నడుస్తారు.

మన హిమాద్రి

స్వాల్‌బార్డ్ ఒప్పందం మీద 1920లో పారిస్‌లో సంతకాలు జరిగాయి. బ్రిటిష్ పాలనలో ఉన్నా అందులో భారతదేశం పేరు కూడా చేరింది. 2007లో మన మొదటి ఆర్కిటిక్ యాత్ర వెళ్ళింది. 2008 జూలై 1న హిమాద్రి ప్రారంభమైంది. అందులో 8 మంది ఉండవచ్చు. 2014లో ఊరి ముందున్న సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ అనే పరికరాల వ్యవస్థను అమర్చారు. ఆ పనిలో గోవా, చెన్నై సంస్థలతో పాటు హైదరాబాదులోని సముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఉంది. 2023 డిసెంబరులో తొలిసారి చలికాలపు చీకట్లో కూడా మనవాళ్ళు అక్కడ పని మొదలుపెట్టారు.

అంత దూరం ఎందుకంటారా? తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది. అది కరిగితే నల్లని నీరు ఎండను తాగుతుంది, మరింత మంచు కరుగుతుంది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ఒక పరిశోధన తేల్చింది. అక్కడి మంచుకూ మన నైరుతి రుతుపవనాలకూ ఉన్న సంబంధాన్ని మన శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు. వాన పడితేనే నాట్లు, నాట్లు పడితేనే మన అమ్మానాన్నలకు కూలి. కాబట్టి ఆ మంచు సంగతి మన ఇంటి సంగతే.

మనం వెళ్ళగలమా?

ఈ వ్యాసం రాస్తున్నామని తెలిసి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: “అన్నా, అక్కడికి మనలాంటోళ్ళను పంపిస్తారా?” మాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ ప్రశ్న మేమెన్నడూ అడగలేదు.

జవాబు ఇది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దేశంలోని విశ్వవిద్యాలయాల నుంచీ, పరిశోధన సంస్థల నుంచీ ప్రతిపాదనలు తీసుకుంటుంది. భౌతిక, రసాయన, జీవ, భూగర్భ, వాతావరణ శాస్త్రాల్లో దేనిలోనైనా పీజీ చేసి, పరిశోధనలో చేరి, మంచి ప్రశ్న పట్టుకున్నవారికి దారి ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగమే ఉంది. దారి పొడుగే, కాదనం. పదో తరగతి లెక్కలూ సైన్సూ దగ్గరే అది మొదలవుతుంది.

ఇక మొదట్లో దాచిన మాట. ఇంటికి దూరంగా ఉండడం, గంట కొట్టగానే వరసలో నిలబడడం, ఎవరెవరి పక్కనో కూర్చుని తినడం, పక్కవాడికి ఆపద వస్తే తలుపు తీయడం. అక్కడికి వెళ్ళిన పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాలి. మనకు అయిదో తరగతి నుంచే వచ్చు. మిగతాది చదువుకుంటే వస్తుంది.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదే మా జవాబు. వెళ్ళొచ్చాక ఈ సంచికకే వ్యాసం రాయి. మేం చదువుతాం.