మత్తడి దుంకిన నీళ్లు ఎవరివి?

వరంగల్ చుట్టుపక్కల చెరువును ఒంటరిగా కట్టడం అరుదు. పై ఊరి చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది ఊరి చెరువుకు చేరుతాయి. అదీ నిండితే ఇంకో ఊరికి. కాకతీయుల జలవిద్య అనగానే పాకాల, రామప్ప, లక్నవరం గుర్తొస్తాయి గానీ, నా మటుకు నాకు ఆ పెద్ద చెరువుల కంటే ఊరూరా అల్లుకున్న ఈ గొలుసుకట్టే గొప్పగా తోస్తుంది. ఇందులో మత్తడి ఎత్తు ఒక ఊరి సొంత వ్యవహారం కాదు. జానెడు పెంచితే పైన ఉన్న పొలాలు మునుగుతాయి, కింది చెరువుకు నీళ్లు ఆలస్యమవుతాయి.

ఇన్ని చెరువులు ఎందుకంటే, కింద ఉన్నది రాయి. పైన కొన్ని మీటర్ల మందాన మెత్తబడిన మొరం, దాని కింద పగుళ్లున్న గ్రానైటు, ఇంకా కిందికి పోతే చిల్లు లేని బండ. ఇలాంటి నేల నుంచి బావిలోకి ఊరే నీరు ఆ నేల ఘనపరిమాణంలో రెండు శాతం అనుకుందాం. అప్పుడు సెంటీమీటరు నీరు లోపలికి ఇంకితే భూగర్భ నీటిమట్టం అరమీటరు పైకొస్తుంది. ఇరవై శాతం నీరిచ్చే ఇసుక నేలలో అయితే అయిదు సెంటీమీటర్లే. వినడానికి మనకే లాభంలా ఉంటుంది. కానీ తోడేటప్పుడు కూడా అదే లెక్క: సెంటీమీటరు తోడితే అరమీటరు దిగిపోతుంది. ఈ నేల త్వరగా నిండుతుంది, త్వరగా ఎండుతుంది. బోరు ఇంకో మూడు వందల అడుగులు దింపితే నీళ్లు పడతాయన్న ఆశ చాలాసార్లు బండకే తగులుతుంది. వాననీటిని పైనే, చాలాచోట్ల, చాలాకాలం నిలపడమే ఇక్కడ దారి.

వరంగల్ నగరం సరిగ్గా దీనికి ఎదురు నడిచింది. చదరపు కిలోమీటరు మీద సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. చేనులో పడితే అందులో కొంత ఇంకుతుంది, మిగిలింది నిదానంగా కదులుతుంది. స్లాబుల మీద, సీసీ రోడ్ల మీద పడితే దాదాపు అంతా గంటలోపే నాలాకు చేరుతుంది. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగడానికీ, గట్టి వానలకు బొందివాగు హంటర్ రోడ్డు మీదికి రావడానికీ ఈ తొందరే ఒక కారణం. 2023 జూలై చివరి వానల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వానల్లోనే జూలై 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

ఇంకో విచిత్రం. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులను తాగునీటి కోసం కాకతీయ కాలువ ద్వారా నింపుకుంటూ వచ్చాం. అంటే 150 కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న శ్రీరాంసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటున్నాం, మన మీద పడ్డ వానను వరదగా పంపేస్తున్నాం. ఆ వాననీటిని వాడుకోవాలంటే ముందు దాన్ని మురుగులో కలవనివ్వకూడదు. సింగపూర్ తన నేలలో మూడింట రెండు వంతుల మీద పడే వానను జలాశయాలకు మళ్లిస్తోంది. అక్కడ మురుగు గొట్టాలు వేరు, వాన కాలువలు వేరు. మన నాలాల్లో రెండూ ఒకటే. ఈ స్థితిలో నాలా నీళ్లను చెరువులోకి తిప్పితే దక్కేది గుర్రపుడెక్కే.

పూడిక తీయడం మంచిదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ మట్టి పొలాలకు ఎరువైంది. 2024 నవంబరులో భద్రకాళి నీళ్లు వదిలి పూడికతీతకు సిద్ధం చేశారు. అయితే తూము మట్టానికి కింద ఎంత తవ్వినా ఆ నీరు కాలువకు ఎక్కదు. కొంత భూమిలోకి ఇంకుతుంది, అంతే. పైనుంచి నీళ్లు వచ్చే వాగు పూడిపోయి ఉంటే చెరువు ఎంత లోతైనా వానాకాలంలో నిండదు.

అసలు చిక్కు పాలనలో ఉంది. కట్ట, తూము నీటిపారుదల శాఖవి. నాలా కార్పొరేషన్‌ది. లేఅవుట్ అనుమతికి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా), శిఖం (చెరువు గర్భం) భూముల రికార్డుకు రెవెన్యూ. కాజీపేట, హనుమకొండ, వరంగల్ ఒకే కార్పొరేషన్ అయినా 2021 నుంచి హనుమకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల్లో ఉన్నాయి.

పెద్ద వాన హెచ్చరిక రెండు రోజుల ముందు వచ్చిందనుకోండి. గొలుసులో కింది చెరువు తూము మొదట తెరవాలి, అది కొంత ఖాళీ అయ్యాక దాని పైది, ఆ తర్వాత ఇంకా పైది. వరస తప్పి పై చెరువు ముందు తెరిస్తే వరదను మనమే ముందుగా తెచ్చుకున్నట్టు. ఈ వరస పాటించాలంటే గొలుసు మొత్తానికి ఒకే మ్యాపు, అన్ని మత్తడుల మట్టాలు ఒకే కొలతలో, తూములన్నిటి మీదా ఆదేశమివ్వగల ఒక్క అధికారి ఉండాలి. నాలుగు శాఖలు నాలుగు ఫైళ్లు నడుపుతుండగా ఆ రెండు రోజులు సంతకాలకే చాలవు.