ఉక్కునకు పరాయి బొగ్గేల?

నాగలికి కఱ్ఱు, ఊరికి వంతెన, పట్టణమునకు రైలుపట్టా లేనిదే దేశము సాగదు. కావున ఉక్కు వాడుక తగ్గించుకొనుడని మనకు చెప్పువారి హితబోధ నాలకింప నక్కఱలేదు. అయినను ఆ యుక్కు వెంట పుట్టు పొగను గూర్చి మౌనము వహించుట యిక క్షేమము గాదు. శక్తి వినియోగమువలన ప్రపంచమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో, అనగా కార్బన్ డయాక్సైడులో, నూటికి సుమారు 7 పాళ్లు ఉక్కు పరిశ్రమవే. మన దేశమున టన్ను ఉక్కునకు ఈ వాయువు సుమారు రెండున్నర టన్నులు పుట్టుచుండగా, ప్రపంచపు సగటు రెండు టన్నులకు లోబడియే యున్నది.

కొలిమిని వేడిచేయుటవలననే యీ పొగ పుట్టుచున్నదని పలువురు తలంతురు. అది సగము నిజము. ఖనిజమున ఇనుము ఆమ్లజనితో గూడియుండును. ఆ బంధమును విడదీయుటకు కొలిమిలో కోకు వేయుదురు. కోకులోని కర్బనము ఆమ్లజనిని గైకొని వాయువై పోవును, ఇనుము మిగులును. ఇచ్చట బొగ్గు వంటచెఱకే గాదు, వంటలోని దినుసు కూడను. కావున కర్మాగారపు దీపములను ఎండశక్తితో వెలిగించినంతమాత్రమున పని తీరదు.

ఆ దినుసైనను మనది గాదు. పూర్వము నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయిరి; ఆ కొలుములకు కట్టెబొగ్గే ఆధారము. నేడు మన పెద్ద కొలుములకు వలయు కోకు బొగ్గులో అత్యధిక భాగము ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలపై దిగుచున్నది. మన గనుల బొగ్గులో బూడిద మెండగుటయే దీనికి ముఖ్యకారణము. ఆ విధముగా మనము విత్తమిచ్చి పొగను గొనుచున్నాము.

ఇప్పుడు ఆ పొగకు రెండవసారి వెల చెల్లింపవలసి వచ్చినది. తమ దేశములలో దిగు ఇనుము, ఉక్కు, అల్యూమినియము మొదలగు సరుకులపై యూరోపియన్ యూనియన్ 2026 జనవరి 1 మొదలు కర్బనపు వెల విధించినది. రెండు శతాబ్దములు బొగ్గు కాల్చి భాగ్యవంతులైనవారు మనకు సుంకము విధించుట న్యాయమా యని యడుగుట సహజము, అడుగవలసినదే. కాని సరుకు పుట్టినచోటనే కర్బనపు వెల చెల్లించియున్నచో ఆ మేరకు తగ్గింపు కలదని ఆ శాసనమే చెప్పుచున్నది. మన ఉక్కుపై వసూలగు ధనము పరాయి బొక్కసమున పడుట మేలా, మన కొలుములను బాగుచేయుటకు మనయొద్దనే నిలుచుట మేలా?

మార్గములు లేకపోలేదు. విశాఖ కర్మాగారమున ఎఱ్ఱగా గాలిన కోకును నీటితో నార్పక, గాలి చొరని గదులలో చల్లార్చి, ఆ వేడితో విద్యుత్తు పుట్టించు పద్ధతి ఆదినుండియు గలదు. పాత యినుమును విద్యుత్కొలిమిలో గరగించినచో పొగ మిక్కిలి తగ్గును. అన్నిటికంటె పెద్ద మార్పు స్వీడను దేశపు లూలియోలో కనబడినది. అచ్చట 2020లో నెలకొల్పిన ప్రయోగశాలలో కోకునకు బదులు ఉదజని, అనగా హైడ్రోజను, ఖనిజములోని ఆమ్లజనిని గైకొని నీరై పోవును. ఆ యుక్కు 2021లోనే వోల్వో సంస్థకు చేరినది.

ఇది చౌకపని గాదు. టన్ను ఇనుమునకు 50 కిలోలకు పైబడిన ఉదజని వలయును. దానిని నీటినుండి వేఱుచేయుటకే దాదాపు 3,000 యూనిట్ల విద్యుత్తు వలయును. అయినను కోకు బొగ్గు మనకు కొఱత. ఎండ కొఱత గాదు. 2023లో అంగీకరింపబడిన జాతీయ ఉదజని పథకమునకు 19,744 కోట్ల రూపాయలు కేటాయించిరి. అందు ఉక్కునకు తగిన పాలు దక్కవలయును.

2024 డిసెంబరులో మన ప్రభుత్వము టన్నునకు 2.2 టన్నులకు తక్కువ వాయువు విడుచు ఉక్కును హరిత ఉక్కని పేర్కొనినది. ఆరంభమునకు మంచిదే, కాని ఆ హద్దు ప్రపంచపు సగటుకంటె హెచ్చని మఱువరాదు. పేరు పెట్టినంతమాత్రమున పొగ తగ్గదు. ఏటేట ఆ హద్దును దింపవలయును; ప్రభుత్వపు వంతెనలకు, రైలుపట్టాలకు అట్టి ఉక్కునే కొనవలయును. 1966లో ఉక్కు కర్మాగారము మన హక్కని ఆంధ్రులు పోరాడిరి. ఆ యుక్కును పరాయి బొగ్గునుండి విడిపించుట నేటివారి విధి.