అత్తయ్యగారు ఒంటరిగా ఎందుకు తినేవారు?

మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్లు. న్యూజెర్సీలో మాతోనే ఉంటారు. పోయిన దసరా నుంచి ఆవిడ మాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు. "మీరు తినండమ్మా, నేను తర్వాత తింటాను" అనేవారు. నా వంట నచ్చడం లేదేమోనని లోపల్లోపల నొచ్చుకున్నాను కానీ, ఎందుకని అడగలేదు.

ఒక రాత్రి దగ్గు వినిపించి ఆవిడ గదిలోకి వెళ్లాను. దిండు మీద అన్నం మెతుకులు! మధ్యాహ్నం తిన్న పప్పన్నమే, ఏమీ అరగకుండా.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"ఏడాది దాటిందమ్మా. నలుగురిలో పొలమారితే మీకు చిన్నతనం కదా!"

అప్పటిదాకా ఎసిడిటీ అనుకుని మాత్రలు వాడుతున్నాం. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు: "వెనక్కి వచ్చినది పుల్లగా ఉంటుందా, తిన్న రుచే ఉంటుందా?" తిన్న రుచే అన్నారు అత్తయ్య. అంటే ఆ అన్నం అసలు కడుపులోకే చేరలేదన్నమాట. నోటి వాసన, మెడలో గుడగుడ చప్పుడు, బరువు తగ్గడం... కొడుక్కి చెప్పనివన్నీ ఆ ముక్కూమొహం తెలియని తెలుగమ్మాయికి చెప్పుకున్నారు.

బేరియం స్వాలో పరీక్షలో విషయం బయటపడింది. తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రేలో చూస్తే, అన్నవాహిక పైభాగాన వెనకవైపు ఒక సంచి. మింగేటప్పుడు అక్కడి కండరం సరిగా వదులు కాకపోతే, ఆ ఒత్తిడికి దాని పైనున్న బలహీనమైన చోట లోపలి పొర వెనక్కి ఉబ్బి సంచిలా తయారవుతుందట. తిన్నది అందులో నిలిచిపోతుంది. పడుకున్నప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. దీన్ని జెంకర్స్ డైవర్టిక్యులమ్ అంటారు. ఎక్కువగా అరవై దాటినవాళ్లకే వస్తుంది.

"మెడ కోస్తారా?" అని అత్తయ్య వణికిపోయారు. అక్కర్లేదన్నారు డాక్టరు. సంచికీ అన్నవాహికకీ మధ్య ఉన్న గోడలోనే ఆ కండరం ఉంటుంది. నోటి ద్వారా వెళ్లి దాన్ని కోసేస్తే, సంచిని తీయకపోయినా తిన్నది నేరుగా కిందికి దిగుతుంది. బోస్టన్‌లో హారిస్ మోషర్ అనే డాక్టరు 1917లోనే ఇలా చేశారు కానీ, ఒక రోగి చనిపోవడంతో ఆపేశారు. 1990లలో కోస్తూనే కుట్లు వేసే స్టేప్లర్ వచ్చాక ఈ పద్ధతి మళ్లీ ఊపందుకుంది. దానికి మెడ బాగా వెనక్కి వంచాలి. అత్తయ్యకి మెడ అరుగుదల ఉంది కాబట్టి, వంగే ఎండోస్కోపుతో చేశారు.

రక్తస్రావం, చిల్లు పడటం, మళ్లీ రావడం వంటి ప్రమాదాలు ఉన్నాయని ముందే చెప్పారు. జ్వరం, ఛాతీ నొప్పి, మెడ వాపు వస్తే వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. తర్వాత కొన్నాళ్లు ద్రవాలు, జావ, మెత్తటి అన్నం.

ఉగాదికి అత్తయ్య మా మధ్య కూర్చుని పప్పన్నం తిన్నారు. "ఉప్పు కాస్త తగ్గిందమ్మాయ్" అన్నారు. ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో!

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా తింటున్నారా? అలిగారనుకోకండి. దగ్గర కూర్చుని, తిన్నది సాఫీగా దిగుతోందా అని అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అడగండి. మనకి చెప్పలేనివి వాళ్లకి చెప్పవచ్చు.