ఇరుసు వంగినా చక్రం ఎలా తిరుగుతుంది?

కాజీపేట జంక్షన్‌లో ఆగే పాత ఐసీఎఫ్ రైలు పెట్టెల ఇరుసులు బరువుకు కొద్దిగా వంగుతాయి. మరి బేరింగులు ఎందుకు పట్టెయ్యవు?

మామూలు బాల్ బేరింగు ఒక డిగ్రీలో చిన్న వంతు వంకరనే ఓర్చుకుంటుంది. అంతకు మించితే బరువు ఒక పక్కకే పడి, వేడెక్కి అరిగిపోతుంది.

అందుకే ఆ పెట్టెల్లో స్ఫెరికల్ రోలర్ బేరింగులు వాడారు. వీటి బయటి రింగు లోపలి వైపు బంతి లోపలిలా గుండ్రంగా ఉంటుంది. అందులో పీపా ఆకారపు రోలర్లు రెండు వరుసల్లో తిరుగుతాయి. ఇరుసు వంగితే లోపలి రింగు, రోలర్లు కలిసి ఒరుగుతాయి. బరువు ఒక పక్కకే పడదు.

ఇలాగే వంకరకు సొంతంగా సర్దుకునే బాల్ బేరింగును 1907లో స్వీడన్ బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ రూపొందించాడు.

అయితే మోటారు, పంపు షాఫ్టులు ఒకే గీతలో లేకపోతే బేరింగు మారిస్తే చాలదు. ముందు ఆ గీతను సరిచేయాలి.