చిన్న కుక్క - పెద్ద గోల

మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు సర్ది, కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకి బెల్లు మోగుతుంది. వచ్చినవాడు కొరియరు కుర్రాడే. కానీ ఇంట్లో ఉన్న చారెడు కుక్క మాత్రం దొంగలు పడ్డట్టు గొంతు చించుకుంటుంది. "ఏయ్, నోర్ముయ్" అని మనం దానికంటే గట్టిగా అరుస్తాం. పక్కవాటా వాళ్ల చంటిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంటుంది. చిన్నజాతి కుక్కని పెంచుకుంటున్న సోదరీమణులకి ఇదేమీ కొత్త సంగతి కాదు. ఈ గోల ఎందుకు వస్తుందో, ఎలా మాన్పించవచ్చో మా ఇంటి అనుభవంతో ఈవేళ మీకు చెబుతాను.

మా టింకూని పామేరియన్ అని చెబితే కొన్నాం. మన దగ్గర ఆ పేరుతో తిరిగే తెల్లకుక్కల్లో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ అనే రకమని తరవాత తెలిసింది. పేరేదైతేనేం, ఈ రకానికి చెవులు చురుకు, గొంతు పెద్దది, కాలు ఒకచోట నిలవదు. మా అబ్బాయి వాణ్ణి నలభయ్యో రోజునే ఇంటికి తెచ్చేశాడు. మొదటి పొరపాటు అదే. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లని తల్లి దగ్గరే ఉంచాలి. తోడబుట్టినవాటితో ఆడుకునేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత కొరికితే ఎక్కువో పిల్లకి అలాగే తెలిసొస్తుంది. మా వాడి చదువు అక్కడ సగంలో ఆగిపోయింది.

ఏడాది తిరిగేసరికి టింకూకి రాని విద్య లేదు. చీర కుచ్చెళ్లు పట్టి లాగడం, వచ్చినవాళ్ల మీదికి ఎగరడం, బెల్లు మోగితే చాలు తలుపు మీద పడడం. మేమూ నవ్వుకునేవాళ్లం. చూడండి, అల్సేషియను మీదికి దూకితే ఎవరూ నవ్వరు. అదే పని గుప్పెడంత కుక్క చేస్తే ముద్దొస్తుంది. చిన్నకుక్కలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడేనని నా నమ్మకం.

ఒకనాటి సాయంత్రం మా అత్తయ్యగారు చేతికర్ర పట్టుకుని హాల్లోకి వస్తుంటే టింకూ అమాంతం ఆవిడ మీదికి ఎగిరాడు. ఆవిడ తూలి గోడకి కొట్టుకున్నారు. ఎముక విరగలేదు గాని, కుడి మణికట్టు వాచి పది రోజులు అన్నం కలుపుకోలేకపోయారు. డెబ్భై ఆరేళ్ల మనిషి. అదే కిందపడి తుంటి విరిగి ఉంటే? ఆ రాత్రే మావారు, "వచ్చే నెల మా బాబాయి పొలానికి పంపించేద్దాం" అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. మా అబ్బాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

నెల గడువుంది గదా అని టీకాకి తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టరుగారితో నా గోడు చెప్పుకున్నాను. ఆయన, "బెల్లు మోగితే మీరేం చేస్తారమ్మా?" అన్నారు. "నోర్ముయ్ అని అరుస్తానండీ" అన్నాను. "అంటే మీరూ వాడికి వంత పాడుతున్నారన్నమాట" అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను!

ఆయన విడమరిచి చెప్పాక అర్థమైంది. కొరియరు కుర్రాడు వస్తాడు, టింకూ మొరుగుతాడు, కుర్రాడు వెళ్లిపోతాడు. వాడి పని అయిపోయి వెళ్లాడని మనకి తెలుసు. తానే తరిమేశానని టింకూ అనుకుంటాడు. రోజుకి మూడుసార్లు ఇలా గెలుస్తుంటే ఎందుకు మానతాడు? మీదికి ఎగరడమూ అంతే. ఎగిరినప్పుడు ముద్దు చేసినా, తిట్టినా, చేత్తో తోసినా కుక్కకి కావలసిన పలకరింపు దొరికినట్టే. ఏ పనికి ఫలితం దొరికితే ఆ పని మళ్లీ చేస్తుంది.

మరి బెల్లు సంగతి? రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. జీర్ణక్రియ మీద పరిశోధనకి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తిండికి ముందు ప్రతిసారీ ఏదో ఒక చప్పుడు వినిపిస్తుంటే, కొన్నాళ్లకి ఆ చప్పుడుకే కుక్కలకి నోరూరడం ఆయన గమనించారు. అంటే చప్పుడుకి అర్థం మనం మార్చవచ్చన్నమాట. బెల్లంటే "శత్రువు" అని కాక "నా బొంత మీద కూర్చుంటే తాయిలం" అని అర్థమయ్యేట్టు చేయాలి.

హాల్లో ఒక మూల పాత బొంత పరిచాను. ముందు బెల్లు లేకుండానే, టింకూ దాని మీదికి వెళ్లి కూర్చున్నప్పుడల్లా చిన్న ముక్క పెట్టాను. మాది శాకాహారం ఇల్లు కాబట్టి ఉప్పు వేయకుండా ఉడికించిన కారట్, లేదా పనీర్, శనగగింజంత. పెద్ద ముక్కలు పెడితే పది నిమిషాల్లో పొట్ట నిండిపోయి చదువు ఆగిపోతుంది! ముక్క పెట్టడం కూడా వెంటనే, ఒకటి రెండు సెకన్లలో జరగాలి. వంటింట్లోకి వెళ్లి వెతికి తెచ్చేసరికి దేనికి పెట్టామో కుక్కకి తెలియదు. అందుకని చిన్న డబ్బా బొంత పక్కనే పెట్టుకున్నాను. ఒక్క మాట, చాక్లెట్టు, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష కుక్కలకి విషం. పాయసంలో కిస్‌మిస్ కూడా ద్రాక్షేనండోయ్, పండగరోజున జాగ్రత్త.

నాలుగైదు రోజులయ్యాక మా అబ్బాయిని బయట నిలబెట్టి బెల్లు కొట్టించాను. మొదట్లో మామూలు గోలే. నేను మాట్లాడలేదు, బొంత వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాను. గోల ఆపి వెళ్లి కూర్చోగానే ముక్క. పూటకి ఐదు నిమిషాలు, అంతకన్నా వద్దు. రెండు వారాలకి బెల్లు మోగితే రెండుసార్లు భౌ మని బొంత దగ్గరికి పరుగెత్తడం మొదలెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మీదికి ఎగిరే అలవాటుకి మందు ఇంకా సులువు, అమలు చేయడమే కష్టం. ఎగిరితే చేతులు కట్టుకుని వెనక్కి తిరగడం, మాట లేదు, చూపు లేదు. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టగానే వంగి పలకరించడం. మొదటి మూడు రోజులూ ఇంకా పైకి ఎగురుతాడు, ఇదివరకు పని చేసింది ఇప్పుడెందుకు చేయలేదని. అప్పుడు జాలిపడి పలకరించారో, మరింత ఎత్తు ఎగరడం నేర్పినవాళ్లవుతారు. మా ఇంట్లో మొండి విద్యార్థి టింకూ కాదు, మావారు. ఆఫీసునుంచి రాగానే ఎగిరితే ఎత్తుకోవడం ఆయనకి అలవాటు. నలుగురిలో ముగ్గురు మానిపిస్తుంటే ఒకరు ముద్దు చేస్తే ఆ పని ఎన్నటికీ పోదు. అత్తయ్యగారి మణికట్టు గుర్తు చేశాక దారికొచ్చారు.

కొరకడం సంగతి. పిల్లలకి పాలపళ్లు 28. ఆరు, ఏడు నెలలకి అవి పోయి 42 పళ్లు వస్తాయి. ఆ దురదకి దొరికిందల్లా కొరుకుతాయి. తడిగుడ్డ ముడివేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వండి. చేతిని కొరికితే ఆట అక్కడికక్కడే ఆపి లేచిపోండి. కొట్టకండి. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేసి, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. ఇంటి కుక్కయినా సరే, పన్ను గీరుకుంటే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. కారం, సున్నం, పసుపు రాయకండి. కుక్కకి మూడో నెలలో రేబిస్ టీకా, తరవాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా.

ఇంతా చేసి రోజంతా నాలుగ్గోడల మధ్య ఉంచితే ఏ పాఠమూ నిలవదు. ఆ చిన్న ఒంట్లో ఉన్న ఉషారు ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా! కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోతే యజమానిది తప్పని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే చెబుతోంది. పొద్దున ఆరింటికి అరగంట, పొద్దుగూకాక అరగంట నేనే తిప్పుతున్నాను. వేసవిలో ముందు తారురోడ్డు మీద చెయ్యి పెట్టి చూస్తాను. నా చెయ్యి ఐదు సెకన్లు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. నా మోకాళ్ల నొప్పులు తగ్గడం అదనపు లాభం.

నెల గడువు దాటిపోయింది. పొలం మాట ఎవరూ ఎత్తలేదు. అత్తయ్యగారు కర్ర చప్పుడు చేసుకుంటూ హాల్లోకి వస్తే టింకూ బొంత మీద కూర్చుని తోక ఊపుతాడు. ఆవిడ కొంగున ముడివేసిన కారట్ ముక్క తీసి పెడతారు. ఒక్క పాత పేపర్లవాడి కేకకి మాత్రం వాడి చదువంతా మరిచిపోతాడు. మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను, ఇంకా లొంగలేదు.