పిలిస్తే పలకని బాబుకు వినపడటం లేదా?

మీ వీధిలోనో, చుట్టాల్లోనో ఇలాంటి బాబును చూసే ఉంటారు. పేరు పెట్టి పదిసార్లు పిలిచినా తల తిప్పడు. చాక్లెట్ కవరు చప్పుడైతే మాత్రం పరిగెత్తుకొస్తాడు. ‘అన్నీ వినపడతాయి, ఉత్త మొండి’ అనేస్తాం. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ తీర్పు తొందరపాటే.

శబ్దం చెవిని చేరడం వేరు, మెదడు దాన్ని మాటగా పట్టుకోవడం వేరు. మీరు ‘పాలు’ అన్నారా, ‘బాలు’ అన్నారా? గొంతు ఎప్పుడు కంపించిందన్నదే ప్రధాన తేడా. అది మిల్లీసెకన్లలో లెక్క.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ బృందం ఆటిజం ఉన్న చిన్నారులకు రెండు రకాల శబ్దాలు వినిపించింది. ఒకటి పెద్దలు పసివాళ్లతో ముద్దుగా సాగదీసే మాట. రెండోది అదే రాగంలో కంప్యూటర్ తయారుచేసిన ధ్వని. చాలామంది రెండోదానివైపే మొగ్గారు. వాళ్ల మెదడు తరంగాల్లో ‘బ’ నుంచి ‘వ’కు మారిన జాడ కనిపించలేదు. మాటవైపు మొగ్గినవాళ్లలో మాత్రం ఆ జాడ కనిపించింది. 2005లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంటే ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒకేలా వినరు. కొందరు స్వరాల్లో సన్నని తేడాను మనకంటే బాగా పట్టేస్తారు. అయినా టీవీ మోతలో అమ్మ మాట వాళ్లకు అందకపోవచ్చు.

మరి మీరేం చేయొచ్చు? ముందుగా వినికిడి పరీక్ష చేయించమని పెద్దలకు చెప్పండి. మాట్లాడేటప్పుడు టీవీ, మిక్సీ ఆపేయండి. దగ్గరికెళ్లి చిన్న వాక్యం చెప్పి, కాసేపు ఆగండి. జవాబుకు టైం ఇవ్వండి. నా కళ్లలోకి చూడు అని బలవంతపెట్టొద్దు.

ఈ పని మనసుకు పట్టిందా? దీన్నే వృత్తిగా ఎంచుకోవచ్చు. ఇంటర్‌ సైన్స్‌ విద్యార్థులకు బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ ఉంది. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. 1965లో మొదలైన మైసూరులోని అఖిల భారత వాక్‌ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్నది. కాలేజీలో చేరేముందు కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ప్రాక్టీసుకు చిక్కే.

మార్కులతోపాటు ఇక్కడ ఓపిక కూడా కావాలి. నెలల తరబడి కూర్చున్నాక ఒక బాబు ‘నీళ్లు’ అని అడగొచ్చు. ఆ ఒక్క మాట ఆ ఇంటికి ఎంత పెద్దదో వాళ్లమ్మనడగండి.