పప్పెందుకు ఉడకదని పాప అడిగితే...

సైన్స్ పోటీ అనగానే మన కళ్ల ముందు మెదిలేవి థర్మోకోల్ షీట్లు, రంగు కాగితాలు, జిగురు సీసా. రాత్రి పదకొండైనా తల్లి కూర్చుని అగ్నిపర్వతానికి ఎర్రరంగు పూస్తుంటుంది. తండ్రి బజారుకు పరుగెత్తి బల్బూ, బ్యాటరీ తెస్తాడు. పాప ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది. మర్నాడు బల్ల వెనక నిలబడి, బట్టీ పట్టిన నాలుగు ముక్కలు గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్తుంది. సర్టిఫికెట్ వస్తుంది. ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తాం. ఇంతకీ పాప కొత్తగా ఏం తెలుసుకుంది? ఆ మాట మాత్రం ఎవరమూ అడగం.

ఇప్పుడైతే ఆ రంగులు పూసే శ్రమ కూడా అక్కర్లేదు. డబ్బిస్తే తయారుగా ఉన్న మోడల్ దుకాణంలోనే దొరుకుతోంది. నాకు తెలిసిన ఒకావిడ ప్రైవేటు స్కూలుకు వెళ్లి, "మా అమ్మాయి సొంతంగా ఏదో చేసుకుంటానంటోందండీ" అంటే, "ఎందుకమ్మా రిస్కు? మేం చెప్పిన షాపులో కొనేయండి, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది" అన్నారట. నీట్‌గా ఉండే మాట నిజమే. అది పాపది కాదు, అంతే తేడా.

ప్రదర్శన వేరు, పరిశోధన వేరు. అగ్నిపర్వతం ఎలా పేలుతుందో పుస్తకంలో ఉంది. దాన్ని బొమ్మ చేసి చూపితే ప్రదర్శన. మన వీధి బోరింగు నీళ్లు పక్క వీధి నీళ్లకంటే ఎందుకు ఉప్పగా ఉన్నాయో ఏ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లి, కొలిచి, రాసుకుని, "నేను చూసింది ఇదీ" అని చెప్తే పరిశోధన. హైస్కూలు పిల్లలు అది చేయగలరా అని అనుమానం వద్దు. అలాంటి పిల్లల కోసమే పోటీలు ఉన్నాయి.

ఏమిటా పోటీలు?

ఒకటి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో 1993లో మొదలైంది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు చిన్న జట్టుగా ఏర్పడి, ఒక గైడ్ సాయంతో, తమ ఊళ్లోని సమస్యనే తీసుకుని పనిచేయాలి. ముందు జిల్లా, తర్వాత రాష్ట్రం, ఆపైన జాతీయ స్థాయి. ఇంగ్లీషు రాదని బెంగపడక్కర్లేదు. మన భాషలోనే చెప్పొచ్చు. ఖరీదైన మోడళ్లు అడగరు. ఏం చూశారు, ఎలా కొలిచారు, ఏం తేలింది అని అడుగుతారు.

రెండోది ఇన్‌స్పైర్ అవార్డ్స్ - మానక్. ఆరో తరగతి మొదలుకొని పిల్లలు తమ సొంత ఆలోచనను బడి ద్వారా పంపుకోవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి పదివేల రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట సర్కారు బడి అబ్బాయి ఒకడు, మార్కెట్లో వడ్లు బస్తాలకెత్తడానికి వాళ్లమ్మ పడే పాట్లు చూసి, వడ్లు నింపే యంత్రం తయారుచేశాడు. 2019లో జాతీయ స్థాయిలో బహుమతి అందుకున్నాడు. ఆ ఆలోచన వాళ్లమ్మ నడుం నొప్పిలోంచి పుట్టింది, పుస్తకంలోంచి కాదు.

మన నీళ్లే మన పాఠం

మాది నల్లగొండ ప్రాంతం. ఇక్కడ నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పళ్ల మీద గోధుమరంగు గార, వంగిన కాళ్లు, తిరగని మెడలు చూస్తూనే మా తరం పెరిగింది. అది మన తలరాత కాదని చెప్పింది పరిశోధనే. డాక్టర్ సిద్దిఖీ అనే ఆయన నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడు కరుగుతుంది. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉంటే ఫర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు అంటాయి మన ప్రమాణాలు. మన పల్లెల్లో చాలా బోర్లు ఆ గీత ఏనాడో దాటేశాయి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. ఆ పేరుతోనే అది పరదేశాల పుస్తకాలకూ ఎక్కింది. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా వచ్చింది. అయినా చాలా ఇళ్లల్లో బోరు నీళ్ల వాడకం పోలేదు. నల్లా రానిరోజు ఏ నీళ్లు తాగుతున్నాం? వంటకు ఏ నీళ్లు? పశువులకు ఏవి? హైస్కూలు పిల్లలు తమ వీధిలో తిరిగి తేల్చగల ప్రశ్నలే ఇవన్నీ. నీళ్ల పరీక్షకు బడి ల్యాబో, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలో సాయపడతాయి.

ఉడకని పప్పు

ఒకసారి మా దగ్గరి సర్కారు బడిలో కథల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిస్తే వెళ్లా. పక్క గదిలోనే సైన్స్ వాళ్ల సందడి. రంగురంగుల మోడళ్ల మధ్య తొమ్మిదో తరగతి పాప ఒకతి ఒట్టి నోటుబుక్కు, మూడు సీసాల నీళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆమె దగ్గర ఎవరూ ఆగడం లేదు. ఏమిటమ్మా ఇది అని అడిగా.

"మా ఇంట్ల బోరు నీళ్లతోటి పప్పు జల్దిన ఉడుకది మేడం. మా అమ్మ రోజూ తిట్టుకుంటది. ఎందుకో చూద్దామని చేసిన" అంది.

ఒకే కందిపప్పు, అదే గ్లాసు కొలత, అదే గిన్నె, అదే మంట. మార్చింది నీళ్లొక్కటే. ఒకసారి నల్లా నీళ్లు, ఒకసారి బోరు నీళ్లు, ఒకసారి మరిగించి చల్లార్చి తేర్చిన బోరు నీళ్లు. రెండు వేళ్ల మధ్య బద్ద మెత్తగా నలిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంది. ఒక్కోటీ మూడేసి సార్లు. ఒకచోట కొట్టివేత కనిపిస్తే, ఇదేమిటన్నా. "ఆ రోజు నడుమల గ్యాస్ అయిపోయింది మేడం. అది లెక్కల పట్టొద్దని కొట్టేసి మళ్ల చేసిన" అంది. ఆ కొట్టివేత చూశాకే నాకు పాప మీద నమ్మకం కుదిరింది.

బోరు నీళ్లకే ఎక్కువ సమయం పట్టింది. మరిగించి తేర్చితే కొంత తగ్గింది. కారణం కూడా సారునడిగి తెలుసుకుంది. ఉప్పు నీళ్లల్లోని కాల్షియం, మెగ్నీషియం పప్పు బద్దలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. అందుకే బద్ద తొందరగా విడిపోదు. నీళ్లు మరిగిస్తే ఆ లవణాలు కొన్ని తెల్లగా అడుగున పేరుకుంటాయి. మన గిన్నెలకు పట్టే గార అదే. కానీ ఒక్కమాట ఇక్కడే చెప్పుకోవాలి. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పప్పు ఉడికింది కదా అని ఆ నీళ్లు మంచివనుకోవద్దు. ఆ సంగతి కూడా పాప నోటుబుక్కులో రాసి ఉంది.

జిల్లా పోటీకి పేరు వచ్చింది. వాళ్ల నాన్న మాత్రం "ఆడపిల్లను రెండు దినాలు జిల్లాకు పంపుడేంది? పదో తరగతి ముంగట ఇవన్నీ ఎందుకు?" అన్నాడట. చివరికి తల్లే కూలి పని మానుకుని వెంట వెళ్లింది. రాష్ట్రానికి ఎంపిక కాలేదు. తర్వాత ఆ తల్లి నాకు సంతలో కలిసింది. "పప్పు ముచ్చట నాకు ఇరవై ఏండ్ల సంది ఎరుకే అక్కా. గది గూడ రాసుకునే ముచ్చటనే అనుకోలే. పిల్ల నన్ను కూసోబెట్టి అడిగి, కాయితం మీద నా పేరు రాసింది. అంత పెద్ద సారు ముంగట, ఇది మా అమ్మ చెప్పింది అన్నది" అంది. బహుమతి రాలేదన్న మాట ఆమె నోట రాలేదు.

పల్లీ పొట్టు కుండీ

పాలమూరు వైపు చూద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి 2016లో విడివడిన జోగులాంబ గద్వాల జిల్లాలో చింతలకుంట అనే ఊరుంది. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూలు విద్యార్థిని శ్రీజ. మొక్క నాటడానికి గుంత తవ్వుతుంటే పాత ప్లాస్టిక్ కవర్లు బయటపడ్డాయి. నర్సరీ మొక్కలన్నీ ఆ నల్ల కవర్లలోనే కదా వచ్చేది! హరితహారం కింద లక్షల మొక్కలు నాటుతుంటే, వాటితోపాటు నేలలోకి ఎంత ప్లాస్టిక్ పోతోందన్నది ఆ పాప ప్రశ్న.

జవాబు వెతుక్కోవడానికి ఊరు దాటలేదు. గద్వాల ప్రాంతంలో పల్లీ పంట ఎక్కువ. పల్లీలు ఒలిచాక పొట్టును పారేస్తాం, లేదంటే పొయ్యిలో వేస్తాం. ఆ పొట్టును పొడి చేసి, తడిపి, కుండీ ఆకారంలో ఒత్తింది. ఆ కుండీని మొక్కతో సహా నాటితే నేలలో కలిసిపోతుంది. ఉపాధ్యాయుడు అండగా నిలిచారు. తర్వాత హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ వాళ్లు ఆ కుండీలు చేసే యంత్రం తయారీకి చేయి కలిపారు. సర్కారు బడి పిల్ల ఆలోచన యంత్రం దాకా వెళ్లింది.

సముద్రాల అవతల కూడా ఇదే తంతు. అమెరికాలో 1942 నుంచి హైస్కూలు పిల్లలకు సైన్స్ టాలెంట్ సెర్చ్ జరుగుతోంది. 1950లో మొదలైన సైన్స్ ఫెయిర్‌కు ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లలు వెళ్తున్నారు. అక్కడే ఇంకో పోటీ ఉంది, త్రీఎం యంగ్ సైంటిస్ట్ ఛాలెంజ్ అని. 2020లో అందులో గెలిచింది టెక్సాస్‌లో ఉండే పద్నాలుగేళ్ల అనికా చేబ్రోలు. కరోనా వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్‌కు అతుక్కోగల అణువును కంప్యూటర్ సాయంతో వెతికింది. మందు కనిపెట్టేసిందని కాదు. మందు వెతకడంలో అది తొలి మెట్టు. ముందు ఆమె మొదలుపెట్టింది ఫ్లూ జ్వరం మీద. తనకు ఫ్లూ వచ్చి బాగా బాధపడ్డాక పుట్టిన ఆలోచన అది. చేబ్రోలు వారమ్మాయికైనా, చింతలకుంట శ్రీజకైనా ప్రశ్న దొరికింది తమ బతుకులోంచే.

మరి మనమేం చేయాలి?

మొదటిది, మనం చేసిపెట్టకపోవడం. వంకరగా గీసినా గీత పాపదే కావాలి. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతలు "ఇందులో నువ్వు చేసిందేమిటి?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు పిల్ల మన ముఖం వైపు చూడకూడదు కదా!

రెండోది, అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పడం. విత్తనాలకు బూడిద ఎందుకు కలుపుతాం, పెరుగు చలికాలం ఎందుకు తోడుకోదు, ఏ కట్టె పొగ తక్కువ పెడుతుంది... మన వంటింట్లో ఉన్నంత సమాచారం పుస్తకంలో లేదు. తెలియకపోతే తెలియదనే చెబుదాం, చూసి చెప్పమందాం.

మూడోది, ఒకసారికి ఒక్కటే మార్చమని గుర్తుచేయడం. నీళ్లూ, పప్పూ రెండూ మారిస్తే తేడా దేనివల్లో తేలదు. తేదీ వేసి ఒకే నోటుబుక్కులో రాయమనాలి. తప్పు పోయిన రోజు లెక్క చింపేయకుండా కొట్టేసి ఉంచమనాలి. మంట, మందులు, బావుల దగ్గర పెద్దవాళ్లు పక్కనుండాలి.

నాలుగోది కాస్త కష్టమైనది. ఆడపిల్లను వీధిలోకి వెళ్లి నాలుగిళ్లు అడిగి రానివ్వడం, జిల్లాకో, రాష్ట్రానికో పోటీ ఉంటే పంపడం. తోడు కావాలంటే మనమే వెళ్దాం. పదో తరగతి అయ్యాక ఆ పిల్ల చదువు సాగాలా, పెళ్లి మాట ఎత్తాలా అని ఇంట్లో చర్చ వచ్చే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. నలుగురిలో నిలబడి "నేను కొలిచాను, ఇదీ లెక్క" అని చెప్పిన పిల్ల మాటకు ఆ చర్చలో కాస్త బరువు ఉంటుంది. ఆ బరువు కోసమైనా పంపాలంటాను.

బడులు తెరిచిన కొద్ది నెలలకే ఈ పోటీల కబురు బడికి చేరుతుంది. మీ పాప చదివే బడిలో హెడ్మాస్టరునో, సైన్స్ టీచరునో ఒకసారి అడిగి చూడండి. పేర్లు పంపలేదంటే పంపమని కోరండి. ఈలోగా పాప "అమ్మా, ఇది ఎందుకిట్లయితది?" అంటే, పొయ్యి మంట తగ్గించి, నోటుబుక్కు తెచ్చుకోమనండి.